తొమ్మిదో ర్యాంకు

పొద్దున కుక్కరు మూడో కూత వేసేసరికి కాటాల మేస్త్రి కాలేజీల ర్యాంకుల పుస్తకం పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. ఆ పుస్తకం ఇంట్లోకి వచ్చి పదిహేను రోజులైంది. అట్ట ఊడిపోయింది. తొమ్మిదో ర్యాంకు చుట్టూ ఆయన ఎర్ర పెన్సిలుతో గీసిన గీత మాత్రం రోజురోజుకీ లావెక్కుతోంది. బజారులో కొట్లవాళ్ళ కాటాలు బాగుచేయడం ఆయన వృత్తి. ముప్ఫై ఏళ్ళుగా ముల్లు చెప్పిందే వేదం అనుకుని బతికిన మనిషి, ఇప్పుడు ఆ పుస్తకం చెప్పిందే వేదం అంటున్నాడు.

"సీటు ఎంచుకోడానికి సాయంత్రం అయిదింటికి ఆఖరు. గుర్తుందా?" అన్నాడు భార్యతో.

"గుర్తుంది."

"మరి నువ్వొక్క మాట పిల్లకి చెప్పవేం? మీ కాలేజీయే కదా. నలభై మూడో ర్యాంకు నుంచి ఒక్క ఏడాదిలో తొమ్మిదికి ఎగబాకింది. బజార్లో అందరూ అడుగుతున్నారు, మీ ఆవిడ పనిచేసే కాలేజీయేనా అని."

ఆవిడ పొయ్యి మంట తగ్గించింది. కూరలో గరిటె తిప్పుతూ ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఆ కాలేజీ ఆఫీసులో క్లర్కు. ర్యాంకులిచ్చే పత్రిక ఏటా పంపే ఫారం నింపేది కూడా ఆవిడే. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఎలా నింపుతుందో తెలియదు.

కూతురు తల తుడుచుకుంటూ వచ్చి గోడవారగా కూర్చుంది. చిన్నప్పుడు నోరు మూతపడేది కాదని ఆ పిల్లకు పిచ్చుక అని పేరు పెట్టారు. ఈ పదిహేను రోజులుగా పిచ్చుక గొంతు ఇంట్లో వినపడటం లేదు. వినికిడి లేని పిల్లలకు మాట నేర్పే చదువులో డిగ్రీ అయింది. ఇప్పుడు పీజీకి రెండుచోట్ల సీటు వచ్చింది. ఒకటి అమ్మ కాలేజీలో, బస్సులో అరగంట. రెండోది రైల్లో ఆరుగంటల దూరంలో ఒక పాత కాలేజీలో. దాని ర్యాంకు యాభై ఏడు.

"అక్కడ మొదటివారం నుంచే పిల్లలతో కూర్చోబెడతారు నాన్నా. రోజూ నలభైమంది వస్తారట. నేను చూడ్డానికి వెళ్ళినరోజు ఓ పాప మూడు నెలలుగా 'ప' అనడానికి అవస్థ పడుతోంది. అక్కడి మేడమ్ నన్ను కూడా కూర్చోమంది."

"నలభైమంది పిల్లలు ఎక్కడైనా దొరుకుతారమ్మా. తొమ్మిదో ర్యాంకు దొరకదు. తొమ్మిదెక్కడ, యాభై ఏడెక్కడ? నువ్వే చెప్పు."

"సరే. మీ ఇష్టం," అంది పిచ్చుక.

అంత తొందరగా ఒప్పుకుంటుందని ఆయన కూడా అనుకోలేదు. గెలిచినవాడిలా కాక, చెప్పు జారిన మనిషిలా ఒక్క క్షణం తడబడి, కాఫీ కోసం చెయ్యి చాపాడు. గ్లాసు అందిస్తూ ఆవిడ కూతురి వైపు చూడలేకపోయింది. అదే సమయంలో, లోపల ఎక్కడో, పిల్ల ఇంట్లోనే ఉంటుందిలే అని ఒక చల్లటి ఊరట కూడా కలిగింది. ఆ ఊరట చూసుకుని ఆవిడకే సిగ్గేసింది.

ఆఫీసుకు వెళ్ళేసరికి ఈ ఏటి ఫారం బల్ల మీద సిద్ధంగా ఉంది. చదువు పూర్తిచేసినవాళ్ళలో ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి అనేది మూడో పేజీలో ఉంటుంది. పోయినేడు ఆవిడ పాత విద్యార్థులందరికీ ఫోన్లు చేసింది. ఎత్తనివాళ్ళను లెక్కలోంచి తీసేయమన్నారు కాలేజీ నడిపే పెద్దసారు. ఎత్తిన ఒకమ్మాయి, "చెప్పుల కొట్లో బిల్లులు రాస్తున్నానండీ" అంది. ఆ మాట చెబితే పెద్దసారు నవ్వి, "ఉద్యోగం ఉద్యోగమేనమ్మా, అవును అని రాయండి" అన్నారు. రాసింది. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని ఎవరన్నారో గానీ, ఊరుకోవడం ఇంత బరువని ఆవిడకు అప్పుడు తెలియలేదు.

నాలుగో పేజీలో, విద్యార్థులు పిల్లలకు మాట నేర్పే క్లినిక్ గురించి. ఎన్ని గదులు, వారానికి ఎన్ని గంటలు. ఆవిడ సొరుగులోంచి తాళంచెవి తీసుకుని మేడ మీదకు వెళ్ళింది. నాలుగు గదుల క్లినిక్కే. ఏడాదికొకసారి ఫొటో కోసం తెరుస్తారు. ఆ రోజు అటెండర్ల పిల్లలను తీసుకొచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి కూర్చోబెడతారు. మిగతా రోజుల్లో తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంటుంది. తలుపు తోసి చూసింది. కుర్చీల మీద వేలు పెడితే అచ్చు పడేంత దుమ్ము. గోడకు ఆనించిన పిల్లల బొమ్మల పెట్టెకు ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే కాబోలు అనుకుంది. తన కూతురు రెండేళ్ళు ఈ దుమ్ములో కూర్చోబోతోంది.

మూడున్నర అయ్యేదాకా బల్ల ముందే కూర్చుని, పెందలాడే వెళ్తానని చీటీ రాసిచ్చి బస్సెక్కింది.

ఇంటికి చేరేసరికి నాలుగు దాటింది. తండ్రీకూతుళ్ళు కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నారు. ఆయన వేలు పెట్టి చూపిస్తున్నాడు, "ఇదుగో, మీ అమ్మ కాలేజీ. దీనిమీద నొక్కు."

"నొక్కకు," అంది ఆవిడ గుమ్మంలోంచే.

ఇద్దరూ తిరిగి చూశారు. ఆవిడ చెప్పులు కూడా విప్పలేదు. బ్యాగు భుజాన అలాగే ఉంది.

"ఆ తొమ్మిది నేను రాసిందే. ఫోను ఎత్తని పిల్లలను తీసేసి రాశాను. చెప్పుల కొట్లో పనిచేసే అమ్మాయికి ఉద్యోగం వచ్చిందని రాశాను. వారానికి ముప్ఫై గంటలు తెరిచి ఉంటుందన్న క్లినిక్ తాళంచెవి ఏడాది పొడుగునా నా సొరుగులోనే ఉంటుంది."

కాటాల మేస్త్రి కంప్యూటరు మీంచి వేలు తీసేశాడు. గొంతు తగ్గించి అన్నాడు. "పదిహేను రోజులుగా నేను బజారంతా చెప్పుకుంటున్నాను. వింటూ ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను."

"పెద్దసారు చెప్పారని రాసుంటావు. సరే. ఉద్యోగం అలాంటిది. కానీ ఇంట్లో నీకేం అడ్డం వచ్చింది?"

"మీరైతే ఏం చేస్తారండీ? కొట్టువాడు కాటా కింద అయస్కాంతం పెట్టాడని తెలిస్తే, తూకం సరిగ్గా ఉందని ముద్ర వేస్తారా?"

"చస్తే వెయ్యను."

"నేను ఏటా వేస్తున్నాను. ఆ మాట మీ ముందు ఒప్పుకోవడానికి నోరు రాలేదు."

ఆయన పుస్తకం మూసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. కోపం కన్నా అలసటే ఎక్కువ కనిపించింది ఆ ముఖంలో. పిచ్చుక లేచి వచ్చి తల్లి భుజం మీది బ్యాగు తీసి బల్ల మీద పెట్టింది.

"సిగ్గుపడి చెప్పలేదంటే నాన్న నమ్ముతాడేమో, నేను నమ్మనమ్మా. నువ్వు నా దగ్గర ఎప్పుడూ ఏదీ దాచలేదు. ఇది ఎందుకు దాచావు?"

ఆవిడ అక్కడే కుర్చీలో కూలబడింది. పెట్టుకున్న కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది, మళ్ళీ తుడిచింది.

"నువ్వు వెళ్ళిపోతే సాయంత్రం ఇంటికి రాబుద్ధి కాదే నాకు. ఆఫీసులో రోజంతా ఎవరికీ నాతో మాటుండదు. ఇక్కడికొస్తే నువ్వుంటావు. ఉండిపొమ్మని నిన్ను నోరు తెరిచి అడగలేను. ఏ ముఖం పెట్టుకుని అడుగుతాను, ఇన్నేళ్ళు నువ్వు ఈ చదువు కోసమే చూస్తుంటే? ఆ తొమ్మిది నా బదులు అడుగుతోంది కదా అని ఊరుకున్నాను."

కాటాల మేస్త్రి తల దించుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఈ మనిషికి సాయంత్రాలు ఇంత బరువని ఆయనకు ఎప్పుడూ తట్టలేదు.

పిచ్చుక తల్లి ముందు నేలమీద కూర్చుని ఆవిడ చేతులు పట్టుకుంది. "అయితే ఇప్పుడు అడుగు. ర్యాంకు కాదు, నువ్వు అడుగు. ఉండమంటే ఉండిపోతాను. ఒట్టు."

ఆ పిల్ల కళ్ళలో బెదిరింపు లేదు, నిష్ఠూరం లేదు. నిజంగానే ఉండిపోతుంది. ఆవిడకు అది తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది మాట. దాన్ని మింగి, కూతురి నుదుటిమీద పడ్డ వెంట్రుకలు వెనక్కి తోసింది.

"వెళ్ళిరా తల్లీ," అంది.

పిచ్చుక తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. ఆవిడా ఏడ్చింది. ఆయన వాళ్ళ పక్కకు వచ్చి, ఏం చెయ్యాలో తోచక, భార్య కాళ్ళకున్న చెప్పులు వంగి ఒక్కొక్కటే విప్పాడు.

"టైము అవుతోందమ్మా," అన్నాడు కాసేపటికి కూతురితో. "ఆ యాభై ఏడు ఎక్కడుందో చూపించు."