బలిపీఠం వెనక కొవ్వొత్తి

ఇన్నాసమ్మకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. తన బిడ్డ ఎక్కడో తెలియని ఒడిలో రొమ్ము వెతుక్కుంటూ, దొరక్క, ఏడ్చి ఏడ్చి నోరెండి ప్రాణం విడుస్తుందని. దొంగలన్నా పోలీసులన్నా ఆమెకు ఇప్పుడు భయం లేదు.

1936వ సంవత్సరం, ఏసు మరణాన్ని తలుచుకునే పెద్ద శుక్రవారం. పొద్దున్నే మొదటి బస్సులో కడపకు వచ్చి ప్రైవేటు డిటెక్టివు నబీ సాహెబు ఇంటిముందు నిలబడేసరికి ఆమె రవిక పాలతో తడిసిపోయింది. కొంగు ఎంత కప్పుకున్నా తడి దాగలేదు.

"కూచోమ్మా," అన్నాడు నబీ సాహెబు.

"కూచుంటే ఆలస్యమైతాది సాయబు గారూ. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. నా పాలు తప్ప ఏదీ ఇమడదు. మేకపాలు పోస్తే కక్కుతాది. నిన్న మాపటి నుంచి లేదు."

నబీ సాహెబు వెంటనే చెప్పులు వేసుకున్నాడు. ఆయన సహాయకుడు సుందరం గొడుగు అందుకున్నాడు. మైదుకూరు దగ్గర గుట్టకిందపల్లెకు పోయే బస్సులోనే ఆమె మిగతాది చెప్పింది.

ఆమె భర్త రాయప్ప అక్కడి కతోలిక గుడిలో ఉపదేశి. లత్తీను భాష పాటలు పాడేది అతనే.

"నిన్న గుడిలో చీకటి ప్రార్థన జరుగుతాండె సామీ. ఉపాసాల తపసుకాలం ఆఖరు వారంలో చేస్తాము. మా ఆయన ఒక్కో పాట ముగించేకొద్దీ ఒక్కో కొవ్వొత్తి ఆర్పుతారు. ఆఖరి వత్తిని మాత్రం ఆర్పరు. గుడి పని చూసే దాసన్న దాన్ని తీసకపోయి బలిపీఠం వెనక దాస్తాడు. అంతా చీకటైపోతాది. అప్పుడు అందరం బల్లలూ నేలా దబదబా కొడతాము. ఏసుసామి ప్రాణం విడిచినప్పుడు భూమి అదిరిందని గుర్తు. దాసన్న వత్తి మళ్ళీ తెచ్చేదాకా కొడతానే ఉండాల. గుట్ట మీది గంట గూడా నిన్న పూజలో ఆగితే రేపు పొద్దుట పూజ దాకా మోగదు."

"అప్పుడు బిడ్డ ఎక్కడుంది?"

"పక్క వాకిలి కాడ చీర ఉయ్యాల్లో. చెయ్యి చాస్తే అందేంత దూరం. నేను రెండు చేతుల్తో నేల కొడతాంటి." ఆమె తన అరచేతులు చూసుకుంది. అవి వాచి ఉన్నాయి. "బిడ్డ ఏడ్సిందేమో. నేను కొట్టే సప్పుడుకే నాకు ఇనపడలేదేమో."

ప్రొటెస్టెంటు అయిన సుందరం, "కిరస్తానీ సంగతులు నాకు వదిలేయండి సార్," అని బయలుదేరేటప్పుడు చెప్పాడు గానీ, ఈ మాట విన్నాక తల గోక్కున్నాడు. "మా గుడిలో ఇంత చప్పుడు చేస్తే దొరగారు బెత్తం తీస్తారు సార్!"

ఊరంతా అనుమానిస్తున్నది ఇన్నాసమ్మ అత్త సంతోషమ్మను. ఆమెది ఆలూరు దిక్కు, ప్రొటెస్టెంటు సంఘం. కొడుకు పాట వినాలని వచ్చింది. పసిబిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించారని తెలిసి, బిడ్డను ఎత్తుకుపోతానని నలుగురిలో అరిచింది. ఇప్పుడామెను బడి గదిలో పెట్టి తలుపేశారు. మాపటికి బిడ్డ దొరక్కపోతే పోలీసులకు అప్పజెబుతారు.

"మా అత్తకు నోరు పెద్దది సామీ. చెయ్యి అట్లాంటిది కాదు," అంది ఇన్నాసమ్మ.

బడి గదిలో సంతోషమ్మ నేలమీద కూర్చుని ఉంది.

"మనవరాలిని ఎత్తుకపోతానన్నావంట?" అడిగాడు నబీ సాహెబు.

"అంటి. నోరుండాది, అంటి. ఊహ తెలీని దానికి నీళ్ళు పోసి మా మతం అంటే కోపం రాదా? అయితే నాయనా, ఆ దీపాలార్పి దబదబా కొట్టేసరికి గుడి కూలిపోతాండాదనుకుంటి. స్తంభం కరుచుకొని అరిస్తి. నా అరుపు నాకే ఇనపడల్యా."

సుందరానికి నవ్వు ఆగలేదు. "నవ్వప్పా, నవ్వు!" అంది సంతోషమ్మ. "నీ బిడ్డ పోయినప్పుడు నేనొచ్చి నవ్వుతా."

బయటికి వచ్చాక నబీ సాహెబు మెల్లగా అన్నాడు. "చీకటి వస్తుందని ఈమెకు తెలియదు సుందరం. తెలియని చీకటిలో ఎవరూ దొంగతనం చేయలేరు."

గుడిలో రాయప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పాడి పాడి కాదు, రాత్రంతా బిడ్డ కోసం ఊరంతా తిరిగి అరిచి అరిచి అతని గొంతు పోయింది.

"ఆ చప్పుడు ఎంతసేపు ఉంటుంది ఉపదేశి గారూ?"

"బుధవారం ఒక చిన్న జపమంత సేపు కొట్టినాము. నిన్న శానా సేపు. బల్లకేసి కొట్టి కొట్టి నా పాటల పుస్తకం అట్ట ఊడిపోయింది."

దాసన్న దూరంగా నిలబడి ఉన్నాడు. బక్కపలచని మనిషి. "నిన్న వత్తి తేవడం ఆలస్యమైందేమప్పా?" అని అడిగితే తలెత్తలేదు.

"గాలి సార్. ఆరిపోతాదేమోనని ఒక చేత్తో పట్టుకొని, ఇంకో చెయ్యి అడ్డం పెట్టుకొని నిలబడుకుంటి."

ఫాదరు అనుమతితో నబీ సాహెబు బలిపీఠం వెనక్కు వెళ్ళాడు. పీఠం మీద గుడ్డలు లేవు. ఆ వారపు ఆచారం ప్రకారం ఏసు, మేరీమాత స్వరూపాలన్నీ ఊదారంగు ముసుగుల్లో ఉన్నాయి. వెనక బండమీద పసుపుపచ్చ మైనం, రూపాయి బిళ్ళంత గుండ్రంగా గడ్డకట్టి ఉంది. దాని నడుమ కొవ్వొత్తి అడుగు దిగిన గుంట. పక్కనే పెరటి వాకిలి.

"ఈ బండలు ఎప్పుడు కడిగారమ్మా?"

"నిన్న పొద్దునే సామీ," అంది ఇన్నాసమ్మ. " గుడ్డలు తీసేసినంక నేనే కడిగినా. ఇంత మచ్చ కూడా లేదు అప్పుడు."

పెరట్లో పాలమ్మే బీబమ్మ మేకలు తోలుకుపోతోంది. నబీ సాహెబును చూసి సలాము చేసింది. "ఈ పొద్దు ఈ కిరస్తానోళ్ళు పాలు గూడా ముట్టరంట సాయబూ. నా పాలన్నీ ఇరిగిపోతాయనుకుంటి. అల్లా దయ, దాసన్న చెంబునిండా కొనుక్కపోయె. పెండ్లాం ఏసుమణికి బాగలేదంట. పాపం, పోయిన నెల సచ్చిన బిడ్డను కనె."

నబీ సాహెబు పరుగున గుడిలోకి వచ్చాడు. "ఫాదరు గారూ, అందర్నీ గుడిలోకి పిలిపించండి. తొందరగా! ఆ బిడ్డకు మేకపాలు ఇమడవు."

జనం చేరారు. సంతోషమ్మను కూడా తీసుకువచ్చారు. నబీ సాహెబు వాళ్ళ ముందు నిలబడ్డాడు.

"నిన్న కొట్టినట్టే కొట్టండి. చేతులు నిన్నటంత నొచ్చాక ఆపండి."

పెద్ద శుక్రవారం పట్టపగలు గుడి అదిరింది. సుందరం బలిపీఠం వెనక ఒక కొవ్వొత్తిని నేలకు అతికించి, పెరటి వాకిట్లోంచి బయటపడి, గోడ చుట్టూ పరుగెత్తి, పక్క వాకిట్లో ఉయ్యాలలోంచి బిడ్డకు బదులుగా పెట్టిన గుడ్డమూట తీసుకున్నాడు. దాన్ని బయట గోడవారన పెట్టి, వచ్చిన దారినే పోయి, వత్తి పట్టుకుని అందరి ముందుకు వచ్చాడు. వాళ్ళింకా కొడుతూనే ఉన్నారు.

నబీ సాహెబు చెయ్యెత్తాడు. చప్పుడు ఆగింది.

"నిన్నటి చీకటిలో అందరూ ఒకరి పక్కన ఒకరు ఉన్నారు. ఒక్క మనిషి మాత్రమే ఒంటరి. అతన్ని ఎవరూ అనుమానించరు. అతని చేతిలో వత్తి ఉందని అందరికీ నమ్మకం. కానీ నిన్న ఆ వత్తి చేతిలో లేదు, నేలమీద ఉంది. మైనం మచ్చ సాక్ష్యం. చప్పుడు ఎప్పుడు ఆగాలో కూడా అతని చేతిలోనే ఉంది. పాలు ముట్టని రోజున పాలు కొన్నదీ అతనే. దాసన్నా, గంట గది తాళంచెవి ఇయ్యి."

"గంట గదా?" అన్నాడు ఫాదరు.

"నిన్నటి పూజలో ఆగిన గంట రేపు పొద్దుట పూజ దాకా మోగదన్నారు కదా. అంతదాకా ఆ గదికి పోయేది ఎవరు? గుట్ట మీద, రాతి గోడల నడుమ, ఏడ్పు కూడా కిందికి వినిపించదు."

దాసన్న కూలబడిపోయాడు. తాళంచెవి బండమీద పడింది.

"జ్ఞానస్నానం నీళ్ళు పోయకముందే పోయిన బిడ్డకి, దేవుని తోటలో, సమాధుల కాడ, చోటియ్యలేదు సార్. కంచె అవతల పూడిస్తిమి. అప్పటినుంచి నా పెండ్లాం బువ్వ ముట్టదు. నేను తినిపిస్తే ఉమ్మేస్తాది. ఒళ్ళో ఒక బిడ్డ ఉంటే తింటాదేమో అనుకుంటి. రేపు గంట మోగేలోపల తెచ్చి ఉయ్యాల్లో పెడదామనే సార్. మేరీమాత మీద ఒట్టు."

ఆ మాటలు వినడానికి ఇన్నాసమ్మ అక్కడ లేదు. తాళంచెవి పడిన చప్పుడుకే దాన్ని అందుకుని గుట్టెక్కుతోంది. వెనక సంతోషమ్మ, "పడతావే! మెల్లగా!" అని అరుస్తూ తనే రెండుసార్లు పడింది.

గది తలుపు తెరిస్తే విరిగిన పాల వాసన కొట్టింది. గంట తాడు కింద ఏసుమణి కూర్చుని ఉంది. ఒళ్ళో బిడ్డ. కక్కిన పాలు గుడ్డమీద ఎండిపోయాయి. నోరు తెరుచుకుని ఉంది గానీ ఏడ్పుకు శబ్దం లేదు.

"అక్కా," అంది ఏసుమణి. "నా రొమ్ములో పాలు లేవక్కా. ఎంత ఇచ్చినా రాలేదు."

ఇన్నాసమ్మ బిడ్డను లాక్కుని రొమ్ముకు అదుముకుంది. బిడ్డ పట్టలేదు. ఇన్నాసమ్మ పాలు పిండి పెదవులకు రాసింది. మళ్ళీ రాసింది. చాలాసేపటికి ఆ చిన్న గొంతు ఒక్కసారి కదిలింది. తర్వాత ఇంకోసారి.

సంతోషమ్మ నేలమీద కూర్చుని గట్టిగా ఏడ్చింది.

ఏసుమణి చేతులు మాత్రం అట్లాగే ఉండిపోయాయి, బిడ్డ ఇంకా ఒళ్ళోనే ఉన్నట్టు.

మాపటికి దాసన్నను మైదుకూరు ఠాణాకు తీసుకుపోయారు. ఇన్నాసమ్మ బిడ్డ బతికింది. ఏసు తిరిగి లేచిన పాస్కు పండగ నాడు ఇన్నాసమ్మ అన్నం మూటకట్టి ఏసుమణి గడప దాకా పోయింది గానీ, ఒడిలో బిడ్డతో ఆ తలుపు తట్టలేక, మూట గడపమీద పెట్టి తిరిగి వచ్చేసింది. మరునాడు ఆ మూట విప్పకుండా అక్కడే ఉందని బీబమ్మ చెప్పింది.

ఇది చదివే అమ్మల్లారా, అక్కల్లారా, మీలో ఎవరైనా మైదుకూరు దారిన పోతే గుట్టకిందపల్లెలో ఒక్క ఘడియ దిగండి. కంచె పక్కన ఉండే ఆఖరి గుడిసె ఏసుమణిది. చంకలో బిడ్డ ఉంటే ఇంకొకరికిచ్చి పోండి. తలుపు తట్టండి. బువ్వ తిన్నదేమో ఒకసారి చూసి రండి.