నస్పూర్ నుంచి పిలుపు

"చచ్చిపోయిన సర్వర్‌ను ఇంకోసారి చంపాలె, దేవకీ," అన్నాడు చీఫ్ సుదర్శన్‌రావు.

1998 చలికాలం. ఆ వేసవిలో నస్పూర్‌లో తమ రహస్య శాఖ ఆపరేటర్ పౌలును విదేశీ ముఠా కాల్చి చంపింది. అక్కడ ఏజెంట్ల వివరాలుండే డైరెక్టరీ సర్వర్‌ను మూసేశారు. ఆ కంప్యూటర్ తీసేశారు గానీ, కరీంనగర్ మెయిన్ సర్వర్‌లో దాని పేరూ, పౌలు పేరూ మిగిలిపోయాయి.

"పేర్లే గదా సార్?"

"ఆ రెండిట్ల ఏ పేరున్నా కరీంనగర్ దాన్ని నమ్ముతది. ముఠా అదే పేరుతోని ఇంకో కంప్యూటర్ తయారుచేసింది. సాయంత్రం లైన్ కలిపితే మన ఏజెంట్లందరి ఫోటోలు వాళ్ళ స్క్రీన్ మీద పడతయ్. మొదటిది సరళదే."

పట్టుచీర, నల్ల కళ్ళద్దాలతో ముఠా నాయకుడి పక్కనే తిరిగే సరళాదేవి వాళ్ళ మనిషిగా నటిస్తున్న మన మనిషి. ఈ కబురు పంపింది ఆమే.

"తీగ పీకితే?"

"కబురు చెప్పిందెవరని సరళనే పట్టుకుంటరు. పేరు తుడిస్తే, పాత రికార్డు పోయిందనుకుంటరు. కరీంనగర్‌కు ఫోన్ చెయ్యకు, వింటుండ్రు. నువ్వే పోవాలె."

దేవకి చీరల మూటతో కరీంనగర్ ఆఫీసు మెట్లెక్కింది.

"మెట్‌పల్లి ఖద్దరున్నదా?" తలుపు వెనక నుంచి గొంతు.

"తెల్లది అయిపోయింది. నీలిదున్నది."

తలుపు తీసింది మగ్దలేనమ్మ, పౌలు భార్య. అతని ఉద్యోగం ఆమెకు ఇక్కడ ఇచ్చారు. మెయిన్ సర్వర్‌లో పేర్లు తుడిచే పాస్‌వర్డ్ ఆమె ఒక్కదానికే తెలుసు. విషయం విని కీబోర్డుకు అడ్డంగా కూర్చుంది.

"తుడువుమని ఎన్నడో ఆర్డరొచ్చింది. నేనే తుడువలే."

"ఎందుకు వదినా?"

"మా చర్చిల ఏడాది ఆఖర్ల పోయినోళ్ళ పేర్లు చదువుతరు. ఆయన పేరు చదువొద్దన్నరు మీ సార్లు. సమాధి రాయి మీద సుత వద్దన్నరు. గూఢచారి గదా! ఇగ గీ స్క్రీన్ మీదనే మిగిలిండు. పొద్దున రాంగనే జూసుకుంట. గిది సుత తీస్కపోతవా?"

దేవకి తల వంచుకుంది. పేరు లేని ఆ రాయిని దగ్గరుండి నిలబెట్టించింది తనే.

మూటలో పేజర్ కొట్టుకుంది. సరళ: "లైన్ కలుపుతున్నారు."

మరుక్షణం స్క్రీన్ మీద అక్షరాలు మెరిశాయి: నస్పూర్ పిలుస్తోంది. ఆపరేటర్: పౌలు.

మగ్దలేనమ్మ ముఖం ఒక్కసారిగా వెలిగింది.

"ఆయన గాదు వదినా," దేవకి ఆమె భుజం పట్టుకుంది. "ఆయనను చంపినోళ్ళు. ఆయన పేరేసుకొని వచ్చిండ్రు. సరళను సుత చంపుతరు. రాయి మీద పేరు నేను చెక్కిస్త, నన్ను నమ్ము."

ఆ వెలుగు ఆరిపోయింది. మగ్దలేనమ్మ పాస్‌వర్డ్ కొట్టింది. సర్వర్ పేరు పోయింది. పౌలు పేరు దగ్గర వేలు ఆగింది. అవతలివాళ్ళు కొడుతున్న పౌలు పాత పాస్‌వర్డ్ చుక్కలు ఒక్కొక్కటే పడుతున్నాయి.

"వదినా!"

పెళ్ళయిన నాటి నుంచి ఒక్కసారీ నోట పలకని మొగుని పేరును, చర్చిలో చదివినట్టు, ఆమె గట్టిగా చదివింది. మీట నొక్కింది.

ఆఖరి చుక్క పడకుండానే నస్పూర్‌కు జవాబు వెళ్ళింది: నువ్వెవరో తెలియదు.

కాసేపటికి సరళ నుంచి కబురు: "పాత రికార్డు పోయిందని ముఠా మూటా ముల్లె సర్దుకొని పోతుంటే, గేటు దగ్గర మనవాళ్ళు పట్టుకున్నారు."

మగ్దలేనమ్మ అది చదవలేదు. ఖాళీ స్క్రీన్‌ను కొంగుతో తుడుస్తోంది.

సమాధి రాయి కోసం దేవకి పెట్టిన అర్జీకి పై ఆఫీసు జవాబు తొందరగానే వచ్చింది. ఆ పేరుతో తమ రికార్డుల్లో ఉద్యోగి ఎవరూ లేరట. దేవకి పని అంత శుభ్రంగా చేసింది మరి.