పంతొమ్మిదో ఎపిసోడ్

టెలివిజన్ అవార్డుల నామినేషన్లలో ‘మూడో అంతస్తు’ సీరియల్ పేరు ఎక్కడా లేదు. ఉత్తమ సీరియల్ దగ్గర లేదు, ఉత్తమ రచన దగ్గర లేదు, ఆఖరికి ఉత్తమ మేకప్ దగ్గర కూడా లేదు.

ఆ రోజు ఉదయం పదింటికి సీరియల్ రచయిత్రి ఎడిటింగ్ రూమ్ తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో గొడుగు నీళ్ళు కారుతోంది. కళ్ళు మాత్రం నిప్పులు కురిపిస్తున్నాయి.

"ఎడిటర్ గారూ! జ్యూరీకి ఏ ఎపిసోడ్ వెళ్ళింది?"

యూనిట్ అంతా ‘కత్తెర’ అని పిలుచుకునే ఎడిటర్ కుర్చీలో సర్దుకున్నాడు. "అంటే... నలభయ్యో ఎపిసోడే కదా అనుకున్నారు..."

"అనుకున్నది నాకూ తెలుసు. కోర్టు సీను, హీరోయిన్ పన్నెండు నిమిషాల ఏడుపు. కానీ జ్యూరీలో ఒకాయన ‘మీరు పంపినదాంట్లో ఏమీ జరగలేదు’ అన్నాడట మన డైరెక్టర్‌తో. కోర్టులో ఏమీ జరగకపోవడమేంటి?"

ఒక్కో సీరియల్ నుంచి ఒక్క ఎపిసోడే పంపాలని రూలు. పంపే పని కత్తెరదే. పంపింది నలభై కాదు, పంతొమ్మిది. ఎవర్నీ అడక్కుండా, తన బుద్ధికి తోచినట్టు పంపేశాడు.

"కనుక్కుంటాను," అన్నాడు.

"కనుక్కోండి. వాడెవడో దొరికితే ఈ జన్మలో వాడి మొహం చూడను!" అంది. అంతలోనే గొంతు దిగిపోయింది. "పొద్దున నాన్నకి పేపర్ చదువుతూ మన పేరు కూడా ఉందని చదివేశానండీ. ఆయన మొహం చూస్తూ లేదని చెప్పలేకపోయాను."

ఆమె వెళ్ళిపోయింది. నేలమీద గొడుగు నీటి మడుగొకటి మిగిలింది.

పాపం, కత్తెర సంగతి కూడా చెప్పాలి. ఏడాదిన్నరగా ఆమె అంటే అతనికి ప్రాణం. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచిన ప్రతిసారీ సగంలోనే తుంచేసేవాడు. వృత్తి అలవాటు మరి! ఇప్పుడు నిజం చెబితే ఉన్న పలకరింపు కూడా పోతుంది. చెప్పకపోతే ఆమె ముందు రోజూ దొంగలా తిరగాలి.

మధ్యాహ్నం మూడింటికి, జోరువానలో ఆమె ఇంటి మెట్లెక్కాడు.

ఆమె తలుపు తీసింది. "మీరా? తడిసిపోయారే! కనుక్కున్నారా?"

"నేనేనండీ."

"మీరేనని కనిపిస్తూనే ఉంది."

"అది కాదు. పంపింది నేనే. పంతొమ్మిదో ఎపిసోడ్."

ఆమె మొహంలో నవ్వు ఆరిపోయింది. "పంతొమ్మిదా? కూతురు తండ్రికి పేపర్ చదివి పెట్టడం తప్ప అందులో ఏముందని?"

"అదే ఉంది."

"రెండేళ్ళ కష్టమండీ అది! నా ఒక్కదానిదే కాదు, అందరిదీ. ఆ హక్కు మీకెవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు. తప్పు చేశాను."

వెనక్కి తిరగబోయాడు. లోపలినుంచి తండ్రి గొంతు వినిపించింది. "ఎవరమ్మా?"

"మా ఎడిటర్ గారు నాన్నా. వెళ్ళిపోతున్నారు."

"ఇంత వానలోనా? లోపలికి రమ్మను."

తండ్రి కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. ఒకప్పుడు పత్రికాఫీసులో ముప్పయ్యేళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి. నాలుగేళ్ళుగా చూపు మసకబారి అక్షరం ఆనడంలేదు. రోజూ కూతురే చదివి వినిపిస్తుంది. ఆ చదవడమే పంతొమ్మిదో ఎపిసోడ్ అయింది. అందులో కూతురు చెడ్డవార్తలు మార్చి, మంచివి కల్పించి చదువుతుంది. తండ్రికి ఆ సంగతి తెలుసు. తెలిసినా ఏమీ అనడు.

"కూర్చో బాబూ. పొద్దున అమ్మాయి నామినేషన్లు చదివింది. ఇంకోసారి వినాలనుంది. కాస్త చదివిపెట్టు," అంటూ పేపర్ చేతికిచ్చాడు.

తండ్రి కుర్చీ వెనకనుంచి ఆమె చేతులు జోడించింది. అంత కోపంలోనూ ఆ కళ్ళు బతిమాలుతున్నాయి.

కత్తెర గొంతు సవరించుకున్నాడు. ఉత్తమ సీరియళ్ళు ఐదు. నాలుగు పేర్లు ఉన్నవి ఉన్నట్టు చదివాడు. ఐదో పేరు దగ్గర ఆగాడు.

"...మూడో అంతస్తు," అన్నాడు.

ముసలాయన ఫక్కున నవ్వాడు. "అమ్మాయి కూడా పొద్దున సరిగ్గా అక్కడే ఆగింది! ఒరే నాయనా, ఏడింటికే రేడియోలో విన్నాను నేను. చూపు తగ్గింది గానీ, తప్పు దొర్లితే నాకు తెలీదా?"

"నాన్నా!" ఆమె తండ్రి భుజం పట్టుకుంది. "మరి నాతో ఏమీ అనలేదేం?"

"నీ ఎపిసోడ్‌లో తండ్రి అన్నాడా? ఊరుకున్నాడుగా. ఎంతసేపని! ఆ ఊరుకోవడం విన్నప్పుడు, నా లోపల ఉన్నది ఎవరికో తెలిసిపోయిందని ఏడుపొచ్చిందమ్మా."

"నేను ‘తండ్రి మాట్లాడడు’ అని రాశానంతే. అంతసేపు ఉంచింది మా డైరెక్టర్ గారు."

కత్తెర నేల చూపులు చూశాడు. "ఆయన మూడు సెకన్లు చాలన్నారు. భోజనానికి వెళ్ళినప్పుడు పదకొండు పెట్టేశాను. కత్తిరించ బుద్ధి కాలేదు."

బయట వాన చప్పుడు సన్నబడింది. ఆమె అతన్ని కొత్తగా చూసింది.

"కోర్టు ఎపిసోడ్ ఎందుకు పంపలేదు?" ఈసారి గొంతులో కోపం కంటే తెలుసుకోవాలన్న ఆత్రమే ఎక్కువగా ఉంది.

"అది బాగా రాశారు. ఇందులో మాత్రం మీరే ఉన్నారు. నాకు కనిపించినట్టే వాళ్ళకీ కనిపిస్తారనుకున్నాను. నాకు మీరు..."

ఆగిపోయాడు.

"తుంచకండి," అందామె మెల్లగా. "ఒక్కసారైనా పూర్తిగా చెప్పండి."

"మీరంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. పంతొమ్మిదో ఎపిసోడ్ నుంచీ."

"అంతకుముందు?"

"అంతకుముందూ ఇష్టమే. ఒప్పుకోవడానికి పద్దెనిమిది ఎపిసోడ్లు పట్టింది."

ఆమె మాట్లాడలేదు. అతను అలవాటుకొద్దీ మనసులో సెకన్లు లెక్కపెట్టసాగాడు. ఆరు, ఏడు, ఎనిమిది... ఈ మౌనాన్ని ఎక్కడ కత్తిరించాలో మాత్రం తెలియలేదు.

పదకొండు దాటాక ఆమె అంది. "కోపం ఇంకా పోలేదు. రేపు యూనిట్ అందరిముందూ మీరే పంపారని చెప్పాలి."

"చెబుతాను."

"వచ్చే ఏడాది నన్నడక్కుండా ఏదీ పంపకూడదు."

"వచ్చే ఏడాదా?" అతని మొహం వెలిగింది.

"ఆ పై ఏడాది కూడా," అనేసి ఆమె వంటింట్లోకి తప్పుకుంది. "టీ పెడుతున్నాను. ఈలోగా నాన్నకి మిగతా పేపర్ చదవండి."

ముసలాయన కుర్చీలో వెనక్కి వాలాడు. "వాతావరణం ఏమంటోంది బాబూ?"

సాయంత్రానికి ఆకాశం తేటపడుతుందని పేపర్లో ఉంది. కత్తెర వంటింటి గుమ్మంవైపు చూశాడు. గ్లాసుల చప్పుడు వినిపిస్తోంది.

"వాన ఇప్పట్లో తగ్గదటండీ," అని చదివాడు.

కిటికీలోంచి పడిన లేత ఎండ అప్పటికే ముసలాయన చేతిని వెచ్చగా తాకుతోంది. ఆయన ఆ చెయ్యి తీయలేదు.

"అలాగా! అయితే రాత్రి భోజనం కూడా ఇక్కడే," అన్నాడు.