పన్నెండు నెలల ప్లాను

అంబాజీపేటలో కొబ్బరి గోడౌను మీది గదిలో కూర్చుని బెంగళూరు కంపెనీకి వెబ్‌సైట్లు చేసే గణపతికి, నాగదుర్గ వచ్చిన మొదటిరోజే బుర్ర పనిచెయ్యడం మానేసింది.

"ఫ్రంట్ ఎండ్ నేర్చుకోవాలండి. ఏది ముందో, ఏది వెనకో తెలీడం లేదు. ఓ ప్లాను రాసిపెడతారా?" అంది. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉందట. జడమీద వానచినుకులు ఇంకా ఆరలేదు.

నిజానికి ఐదు నెలలు చాలు. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌కి రెండు, జావాస్క్రిప్ట్‌కి రెండు, సొంతంగా ఓ సైట్ చెయ్యడానికి ఒకటి. కానీ ఆ తర్వాత ఈ అమ్మాయి మళ్లీ ఈ మెట్లెక్కదు కదా! గణపతి కలం సాగింది. రంగులు ఎంచుకోవడానికి రెండు నెలలు, బటన్లకి ఒకటి, పాత బ్రౌజర్ల చరిత్రకి ఇంకోటి... అలా అలా పన్నెండయ్యాయి.

"బటన్లకి నెలాండి?" నాగదుర్గ కళ్లు పెద్దవయ్యాయి.

"గుండ్రటివుంటాయి, కోలగా ఉండేవుంటాయి. తొందరపడకూడదండి."

"ఆయ్, మీరెలాగంటే అలాగేనండి."

పాఠం చెప్పేవాళ్లకి ఎదురు చెప్పడం ఆమెకి అలవాటు లేదు. ఆ మర్యాదనే గణపతి వాడుకున్నాడు. మూడు వారాలు హాయిగా గడిచాయి. ఆమె నవ్వినప్పుడల్లా అతను కోడ్‌లో తప్పులు చేసేవాడు. ఆమె దిద్దేది.

ఆ గురువారం మెట్లమీద ఆమె ఫోనులో మాట్లాడటం వినబడింది.

"లేదమ్మా, ఏడాది పడుతుందన్నారు. నువ్వు ఇంకో రెండేళ్లకి సంతకం పెట్టేసెయ్. నేను బాగానే ఉన్నాన్లే."

లోపలికొచ్చి కళ్లు తుడుచుకుంది. "అమ్మ కువైట్లో ఒకరింట్లో వంట చేస్తుందండి. ఆరేళ్లయింది. డిసెంబరుతో గడువైపోతుంది. ఈలోపు నాకు పని దొరికితే వచ్చేద్దామనుకుంది. ఉంటుందో లేదో ఆ ఇంటివాళ్లకి రేపే చెప్పాలంట."

గణపతి కీబోర్డు పక్కకి తోసేశాడు. తను ఎవరి రెండేళ్లు కాజేశాడో తెలిసి సిగ్గుతో చచ్చిపోయాడు.

"వద్దని చెప్పండి. ఐదు నెలలు చాలండి. మిగతావి నేను కావాలని ఇరికించేను."

"ఎందుకండీ?"

"మీరు రోజూ వస్తారని."

నాగదుర్గ బల్లమీది ప్లాను కాగితం ముందుకి లాక్కుంది. "నేను మిమ్మల్ని నమ్మేనండి," అంది. "ఐదు నెలల్లో పని వస్తుందా?"

"వస్తుందని ప్రమాణం చెయ్యలేను. నేర్చుకోవడం మాత్రం అయిపోతుంది. మీకు నాకంటే చురుకెక్కువ."

ఆమె కలం లాక్కుని ఏడు నెలలూ అడ్డంగా కొట్టేసింది. అక్కడే నిలబడి వీడియో కాల్ చేసింది.

"సంతకం పెట్టకే అమ్మా. వచ్చెయ్."

ఫోనులో తల్లి బంగారమ్మకి ఏడుపాగలేదు. కాసేపటికి కళ్లు చికిలించి చూసింది. "పక్కనెవరే, ఆ తలొంచుకున్నబ్బాయి?"

"పాఠం చెప్పే మాస్టారమ్మా."

"మాస్టారికి అంత సిగ్గెందుకే?"

నాగదుర్గ అతనివైపు చూసింది. కోపం పూర్తిగా పోలేదు గానీ పెదవులు ఆమె మాట వినడం లేదు. "నువ్వొచ్చి అడుగు. నీ ఎదురుగానే చెప్తారంట."

"చెప్తానండి, అత్తయ్యగారూ," అనేసి గణపతి నాలిక కరుచుకున్నాడు.

బంగారమ్మ తడి కళ్లతోనే పకపకా నవ్వింది. "అయితే డిసెంబరు దాకా ఆ మాట మర్చిపోవద్దని చెప్పవే."