జంగాలచెరువు తూము దగ్గర బరువు

పెనుకొండ దాటి మట్టిదారిన ధర్మవరం వైపు పోతే జంగాలచెరువు కట్ట వస్తుంది. ఆ కట్ట మధ్యలో ఉన్న తూముకు మంచి పేరు లేదు. ఎందుకు లేదో రెండు మాటల్లో అయిపోయే కథ.

చీకటి పడ్డాక సైకిల్ మీద ఆ తూము దాటితే వెనక ఎవరో ఎక్కి కూర్చుంటారు. కనబడరు... బరువు మాత్రం తెలుస్తుంది. కట్ట చివర దిగిపోతారు. ఇది ఒక మాట.

ఆ చెరువు కింది ఊరి బాలప్పకు ఇట్లా మూడుసార్లు జరిగింది. మొదటిసారి అతను తాగి ఉన్నాడు. తర్వాతి రెండుసార్లు కూడా తాగే ఉన్నాడు గానీ అంత కాదు. కట్ట కింద టీ అంగడి పెట్టుకున్న యశోదమ్మ మాత్రం ఎక్కేది ఆడదెయ్యమే అంటుంది. మగదైతే ముందు తన దగ్గర టీ తాగి గంటసేపు ఊరి విషయాలు మాట్లాడి గానీ పనికి పోయేది కాదట.

రెండో మాటకు హిందూపురం పోయి రావాలి. అక్కడ ఆదినారాయణ శెట్టికి చింతపండు మండీ ఉంది, సుమంత్ అని ఒక కొడుకు ఉన్నాడు. మండీ బాగా నడుస్తుంది. కొడుకు బెంగళూరు నుంచి ఒక కంకర సైకిల్ తెచ్చుకున్నాడు. తారు లేని దారుల్లో తొక్కడానికే చేసిన సైకిలట. లావు టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్.

శెట్టి దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "క్యారియర్ లేదు, స్టాండు లేదు, బెల్లు లేదు. సగం సైకిల్ ఇచ్చి దుడ్లు మాత్రం పూర్తిగా తీసుకున్నారు గదప్పా!"

సుమంత్ ఆర్నెల్లు తిరిగి హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఒక దారి కనిపెట్టాడు. అంతా మట్టిదారే. పదకొండు చెరువు కట్టలు. ప్రతి మలుపులో రాళ్ళ మీద సున్నంతో బాణం గుర్తు వేశాడు. మండీ మానేసి, పట్నం వాళ్ళను ఈ దారిలో తిప్పుతూ బతకాలని అతని కోరిక.

శెట్టి వ్యాపారస్తుడు కాబట్టి అరవలేదు, షరతు పెట్టాడు. "నువ్వు గాక ఇంకొక్కడు, ఒక్కడంటే ఒక్కడు, వచ్చే ఆదివారం పన్నెండు లోపల నీ దారిన ధర్మవరం చేరితే నీ ఇష్టం. లేదంటే సోమవారం పొద్దున మండీలో కూర్చుంటావు. మళ్ళా సైకిల్ మాట ఎత్తకూడదు."

ఆ ఆదివారమే ఈ దారి తొక్కడానికి బెంగళూరు నుంచి ఇరవై ఒక్కమంది వస్తున్నారు, ఒక్కడు చేరలేడా అని సుమంత్ నవ్వుకున్నాడు. సోమవారం ఆ జట్టు నాయకురాలు ప్రత్యూష నుంచి మెసేజ్ వచ్చింది. మ్యాప్‌లో ఆ తూము మీద ఎవరో 'దెయ్యం' అని గుర్తు పెట్టారట. తెల్లారకముందే ఆ కట్ట ఎక్కాలంటే సగం మంది జంకుతున్నారు, సంగతేమిటో చూసి చెప్పమంది.

మంగళవారం పొద్దు మునిగాక సుమంత్ ఒక్కడే కట్ట ఎక్కాడు.

ఒక పక్క నల్లగా నీళ్ళు. ఇంకో పక్క వరిమళ్ళు. కప్పలు తప్ప అలికిడి లేదు... 'నా సైకిల్‌కు క్యారియరే లేదు, ఎక్కినా యాడ కూర్చుంటుంది?' అని తనకు తనే చెప్పుకున్నాడు. చదువుకున్నవాడి ధైర్యం అట్లాగే ఉంటుంది.

తూము దగ్గర దారి కట్ట దిగి, కాలువ దాటి, మళ్ళీ పైకి ఎక్కుతుంది. దిగాడు. దాటాడు. ఎక్కుతున్నాడు—

బరువు.

గేరు మార్చాడు. ఇంకా బరువు. వెనక చక్రాన్ని ఎవరో రెండు చేతులా పట్టుకున్నట్టు... వెనక్కి తిరిగి చూడలేదు. చూడగూడదని సాయంత్రం టీ అంగడి దగ్గర బాలప్ప చెప్పి ఉన్నాడు. లేచి నిలబడి తొక్కాడు. సైకిల్ కదల్లేదు.

చెవి పక్కనే ఎవరో గుసగుసగా—

"మెల్లగా పోప్పా..."

సుమంత్ సైకిల్‌తో సహా పడ్డాడు. తడుముకొని టార్చి వెలిగించాడు. పక్కనే, తూము రాళ్ళ చాటున, కంబళి కప్పుకొని ఒక ముసలాయన.

"ద... దెయ్యమా?"

"దెయ్యమైతే నిన్ను అగ్గిపెట్టె ఎందుకు అడుగుతానప్పా? ఉండాదా?"

ఆయన సంజీవప్ప, ఆ చెరువు నీరుగంటి. వంతుల ప్రకారం తూము ఎత్తి పొలాలకు నీళ్ళు వదిలే మనిషి. బరువు సంగతి కూడా ఆయనే చూపించాడు. తూము ఎప్పుడూ కారుతుంటుంది, కింద దారంతా బంకమట్టి. పగలైతే చూసి పక్కగా పోతారు, చీకట్లో నేరుగా అందులోకే దిగుతారు. అది చక్రానికీ చట్రానికీ మధ్య ముద్దలు ముద్దలుగా ఇరుక్కుంటుంది. కట్ట చివర గరుకు నేల రాగానే రాలిపోతుంది.

"ఎవురికీ చెప్పొద్దు నాయనా," అన్నాడు సంజీవప్ప. "నేను ఒక్కణ్ణి. వంతు తప్పి నీళ్ళు తిప్పుకునేటోళ్ళు ముప్పై మంది. దెయ్యం ఉండాదనే రాత్రిపూట ఎవురూ ఈడికి రారు."

సుమంత్ సరేనన్నాడు. ఇంటికి పోయి, మట్టి ముద్దల వీడియో ప్రత్యూషకు మాత్రమే పంపాడు. తర్వాత, ముచ్చటేసి, ఫోన్‌లో స్టేటస్ కూడా పెట్టాడు. మండీకి చింతపండు తెచ్చే రైతులందరి దగ్గరా అతని నంబరు ఉందన్న సంగతి ఆ పూట గుర్తు రాలేదు. వాళ్ళలో జంగాలచెరువు కింద మళ్ళున్నవాళ్ళే ఎక్కువ.

బుధవారం రాత్రి తూము ఎత్తడానికి ఐదుగురు వచ్చారు. గురువారం పన్నెండుమంది. సంజీవప్ప అడ్డం పడుకుంటే మర్యాదగా ఎత్తి పక్కన కూర్చోబెట్టారు. శుక్రవారం తూము మూసే తీరిక ఎవరికీ లేకపోయింది. అరెకరా ఉన్న బాలప్ప మూడు రాత్రులూ నీళ్ళు కట్టుకున్నాడు, ఒక్క చుక్క తాగకుండా.

ఆదివారం తెల్లవారుతుండగా ఇరవై ఒక్కమందితో సుమంత్ కట్ట ఎక్కాడు. చెరువు లేదు. బురద ఉంది. బురదలో ఊరంతా ఉంది, బుట్టలతో, గంపలతో, చీర కుచ్చిళ్ళు దోపుకొని. చెరువు ఎండితే చేపలు పట్టినవాళ్ళవే.

ప్రత్యూష కాసేపు చూసింది. బూట్లు విప్పింది. పావుగంటలో ఇరవై ఒక్కమందీ బురదలో ఉన్నారు.

"ధర్మవరం! పన్నెండు లోపల!" అని సుమంత్ కట్ట మీద నుంచి అరిచాడు. ఎవరూ తల ఎత్తలేదు. చివరికి, పుట్టినప్పటి నుంచి చేప ముట్టని ఆ శెట్టి బిడ్డ కూడా వాళ్ళను లాక్కు రావడానికి మోకాటి లోతు దిగాడు. ఒక్కరూ రాలేదు. ఒడ్డుకొచ్చి చూస్తే కట్ట మీద ఇరవై ఒక్క సైకిళ్ళు ఉన్నాయి. తనది లేదు.

పన్నెండు దాటాక ఫోన్ మోగింది. శెట్టి ధర్మవరం చెరువు కట్ట మీద పది నుంచి కుర్చీ వేసుకొని కూర్చున్నాడు.

"ఒకడొచ్చినాడు," అన్నాడు.

"ఎవురు నాయనా?"

"ఎవురో ముసలాయన. పంచె ఎగ్గట్టినాడు, కాళ్ళకు చెప్పులు లేవు. సున్నం బాణాలు చూసుకుంటా వచ్చినాడంట. పదకొండున్నర."

సంజీవప్ప కూతురు కస్తూరిని ధర్మవరంలో మగ్గం నేసే ఇంటికి ఇచ్చారు. తూము వదిలిపెట్టి రాలేక పద్నాలుగేళ్ళుగా ఆయన ఆ ఇంటి గడప తొక్కలేదు. ఇప్పుడు కాయడానికి నీళ్ళు లేవు.

శెట్టి మాట తప్పలేదు. సోమవారం సుమంత్ మండీకి పోలేదు.

సంజీవప్ప ఇంకా తిరిగి రాలేదు. సైకిలూ రాలేదు.