వంటింటి వెనుక తీసిన ఫోటో

బల్ల మీద కెమెరా తెరిచి ఉంది. లోపల రీలు లేదు.

పక్కనే బంగారు చేతిగడియారం. నిండుగా ఉన్న పర్సు. వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

పోలీసు అమీన్ సారంగపాణి ఆ బల్ల చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. 1945 నవంబరు. వరంగల్ కోటలో గెస్ట్ బంగ్లా వరండా. యాత్రికుల కోసం కోటదాకా మోటారు సడక్ వేసి, ఈ బంగ్లా తెరిచి ఏడాది కూడా కాలేదు. ఇంతలోనే దొంగతనం.

కెమెరా హైదరాబాదు నుంచి వచ్చిన రాజేశ్వర్ రావుది. టూరిస్టుల కోసం ఆయన వరంగల్ మీద ఫోటోల పుస్తకం వేయబోతున్నాడు.

"ఎప్పుడు చూశారు?"

"భోజనం చేసి పడుకున్నాను. నాలుగింటికి లేచేసరికి ఇలా ఉంది."

వంటమనిషి నర్సయ్యను అప్పటికే జవాను స్తంభం దగ్గర కూర్చోబెట్టాడు. చేతులకు బేడీలు. రీలు చుట్టే ఇనుప కడ్డీ అతని పొయ్యి బూడిదలో దొరికింది.

కంట్రాక్టరు లక్ష్మీనారాయణ కోపంతో ఊగిపోతున్నాడు. సడక్ వేసింది ఆయనే. బంగ్లా నడిపేదీ, కోటకు బస్సులు తిప్పేదీ ఆయనే.

"ఇంక సోచాయించేదేముంది అమీన్ సాబ్? బస్సులొచ్చినయని జట్కావాళ్లు కడుపుమంట మీదున్నరు. ఈనితోటి జేయించిండ్రు. పుస్తకం రాకుంటె మన ఊరికి ఎవలొస్తరు?"

సారంగపాణి నర్సయ్య ముందు నిలబడ్డాడు.

"మధ్యాహ్నం ఎక్కడున్నవ్?"

"మట్టెవాడ బజారుకు పోయిన సాబ్. కూరగాయలకు."

"అప్పుడు వంటింట్ల ఎవరున్నరు?"

నర్సయ్య చేతి బేడీల వైపు చూశాడు.

"నిన్నే అడుగుతున్న!"

"నన్నే తీస్కపోండ్రి సాబ్."

సారంగపాణి బస్సు కండక్టరును పిలిపించాడు. నర్సయ్య కూరల సంచితో బస్సు దిగింది నాలుగు దాటాకే. అనుమానం లేదు, కండక్టరే సంచి అందించాడు.

అంటే రీలు తీసింది ఇతను కాదు. ఎవరినో కాపాడుతున్నాడు.

సారంగపాణి మళ్లీ రాజేశ్వర్ రావు దగ్గరికి వచ్చాడు.

"ఆ రీలులో ఏ ఫోటోలున్నాయి?"

"కోట తోరణాలు. రాతి హంసలు. గుడి స్తంభాలు. కొత్త సడక్, బస్సు."

"మనుషులెవరూ లేరా?"

"లేరు." ఆయన ఆగాడు. "ఆఁ, ఒక ముసలామె. మధ్యాహ్నం వంటింటి వెనుక విస్తళ్లలో మిగిలిన అన్నం ఏరుకుంటోంది. తల ఎత్తగానే తీశాను. చాలా సహజంగా కుదిరింది. పుస్తకంలో తప్పక వేయాలనుకున్నాను."

"ఆ మాట అక్కడే అన్నారా?"

"అన్నాను. ఆమె వెంటనే ముఖం మీదికి కొంగు లాక్కుంది. అప్పుడే లక్ష్మీనారాయణగారు వచ్చి ఫోటో చూద్దామని కెమెరా తెరవబోయారు. వెలుతురు తగిలితే ఫోటోలన్నీ పోతాయని ఆపాను."

"ఆమె ఎవరు?"

"ఎవరో. పేరెందుకు అడుగుతాను?"

సారంగపాణికి కేసు చిక్కు విడిపోయింది. లోలోపల హుషారు పుట్టింది. బంగ్లాలో ఉన్నవాళ్లందరినీ వరండాలోకి రమ్మన్నాడు. యాత్రికులు, నౌకర్లు, బస్సు డ్రైవరు, అందరూ వచ్చారు. ఆ ముసలామెను వెతికి తెమ్మని జవానును పంపాడు.

"దొంగకు డబ్బు కావాలంటే గడియారం పోవాలి. పర్సు పోవాలి. కెమెరా పోవాలి." గొంతు పెంచి చెప్పాడు. "పోయింది రీలు ఒక్కటే. తన ఫోటో లోకం చూడొద్దనుకున్న మనిషే దొంగ. రాతి హంసకు సిగ్గుండదు. ఆ రీలులో ఉన్న మనిషి ఒక్కతే. రావుగారు ఆమెను లెక్కలోకే తీసుకోలేదు. మనమూ తీసుకోలేదు."

ఎవరో మెచ్చుకోలుగా తల ఊపారు.

జవాను ఆమెను తెచ్చి నిలబెట్టాడు. నిండా కప్పుకున్న కొంగు. చేతిలో సత్తుగిన్నె.

"కొంగు తియ్యమ్మా."

ఆమె కదలలేదు.

"తియ్యమంటే!"

తీసింది.

సారంగపాణి ఆమెను గుర్తుపట్టాడు.

భద్రమ్మ. తూర్పు దర్వాజ దగ్గర పూటకూళ్ల ఇల్లు నడిపిన భద్రమ్మ. పాత బండ్లబాట మీద కోటకు వచ్చినవాళ్లంతా అక్కడ దిగి, తిని, పోయేవాళ్లు. కొత్త సడక్ ఆ ఇంటిని తాకకుండా పోయింది. బస్సు తిన్నగా బంగ్లా ముందే ఆగుతుంది. కొలువులో చేరిన కొత్తలో సారంగపాణికి రెండు పూటలా అన్నం పెట్టింది ఆమే. సడక్ కొలతలకు వచ్చినప్పుడు లక్ష్మీనారాయణ మకాం ఆ ఇంట్లోనే. నర్సయ్య వంట నేర్చింది ఆమె దగ్గరే.

"నేనే తీసిన బిడ్డా. పొయ్యిలేసిన," అంది. "నర్సిగాన్ని ఇడిచిపెట్టు. ఆనికేం పాపం ఎర్కలేదు."

"ఎందుకమ్మా..." అన్నాడు సారంగపాణి.

"ఎంగిలి కూడు తింటున్నని నర్సిగానికి తప్ప ఎవలకూ ఎర్కలేదు. నా ఇంట్ల తిన్నోళ్లు ఊరూరా ఉన్నరు. పుస్తకంల నా మొఖం జూస్తె ఏమనుకుంటరు? గందుకే తీసిన. గడియారం జోలికి నేను పోలే."

వరండా నిండా మనుషులు. అందరూ ఆమె చేతిలోని గిన్నెనే చూస్తున్నారు. ఆమె దాన్ని కొంగు చాటుకు లాక్కుంది.

"ఫిర్యాదు లేదు. వదిలేయండి," అన్నాడు రాజేశ్వర్ రావు. దండం పెట్టబోయి, ఏం తోచక, చేతులు దించేసి లోపలికి వెళ్లిపోయాడు.

లక్ష్మీనారాయణ నేల చూస్తూ అన్నాడు: "రేపటిసంది వంటింట్ల పనికి రా, అక్కా."

"వస్త. పని జేసుకునే తింట. గని గీ ముచ్చట సడక్ ఏసిననాడు అడగకపోతివి గదా తమ్మీ."

సారంగపాణి తన చేత్తోనే నర్సయ్య బేడీలు విప్పాడు. రీలు ఎందుకు తీశావన్న ఒక్క ప్రశ్న ఆమెను పక్కకు పిలిచి అడిగితే సరిపోయేది. జనాన్ని పోగు చేసింది తను. కొంగు తీయించింది తను. తన తెలివి పదిమందీ చూడాలని.

"అమ్మా, నేను..."

భద్రమ్మ అతని ముఖంలోకి చూసింది.

"గుంజుకపోయినవేంది బిడ్డా? పొద్దుగాల్లసంది ఏమన్న తిన్నవా?"

తిన్నానని అబద్ధం చెప్పాడు సారంగపాణి. తల ఎత్తకుండానే బంగ్లా మెట్లు దిగాడు.