అరిగిన వేలు

2023 ఆగస్టు 17, గురువారం. పటాన్‌చెరులో పొద్దున్నుంచీ సన్నటి తుంపర. మబ్బు కిందికి దిగి, మందుల కంపెనీల ఘాటు వాసనను బస్తీ మీదే అదిమిపట్టింది.

మా చదువుల రోజుల్లో వేలిముద్రగాడంటే తిట్టు. ఇప్పుడు ఎంత చదివినవాడైనా వేలు పెట్టాల్సిందే. ఆ వేలే దశరథ్ సంసారాన్ని మింగింది.

బోల్టుల ఫ్యాక్టరీ మూతపడ్డాక అతనికి పని దొరకలేదు. వెతకనూ లేదు. భార్య శ్రావ్య మందుల కంపెనీలో పీపాలు కడిగేది. జీతం పడగానే ఆమెను రెక్క పట్టుకుని, వేలిముద్ర మీద బ్యాంకు డబ్బులిచ్చే తాజ్ మొహమ్మద్ దుకాణానికి ఈడ్చుకెళ్లేవాడు. అక్కడి మిషన్ మీద ఆమె బొటనవేలు తానే అదిమి, వచ్చిన నోట్లు జేబులో పెట్టుకునేవాడు. తాను మొగుణ్నని చూపించుకోవడానికి అతనికి మిగిలింది ఆ అదమడమొక్కటే.

పీపాల్లోని రసాయనం ఆమె వేలిగీతలను తినేసింది. జూలైలో మిషన్ ఆ వేలిని పట్టలేదు.

"సక్కగ పెట్టవే! కావల్సుకొని వంకర పెడ్తున్నవా?"

"గీతలు అరిగినయ్. బ్యాంకుకు పోయి తెచ్చిస్త, ఆగు."

"ఔ బేటా, కెమికల్ పనోళ్లకు గిట్లనే అయితది," అన్నాడు తాజ్.

"నీ దుకాణం నువ్వు సూస్కో చాచా."

ఇంటికెళ్లి తలుపేశాడు. తెల్లారి, బాత్రూములో జారిపడి పోయిందన్నాడు. పక్క గదివాళ్లు అంతా విన్నారు. నోరు విప్పలేదు.

ఇగ ఆ గురువారం. భార్య చావుకు కంపెనీ ఇచ్చే సొమ్ముకు వారసుడు తానేనని దశరథ్ వేలు పెట్టి రుజువు చేయాలి. సందెవేళ దుకాణానికొచ్చాడు. కరెంటు లేదు. మిషన్ అద్దం ఎర్రగా వెలుగుతోంది.

"పడ్తలేదు బేటా. తుడ్సుకొని పెట్టు."

తుడుచుకున్నాడు. పడలేదు. వేలు చూసుకున్నాడు. నున్నగా ఉంది... ఒక్క గీత లేదు.

వాసన వచ్చింది. శ్రావ్య డ్యూటీ దిగి వచ్చినప్పటి ఘాటు... మెడ వెనకే.

తడిచెయ్యి ఒకటి అతని బొటనవేలిని పట్టుకుంది. అద్దం మీద అదిమింది. ఎముక పటుక్కుమంది.

"సక్కగ... పెట్టు..."

మాట అతనిది. గొంతు ఆమెది.

మిషన్ కూసింది. తెర చూసిన తాజ్ వెనక్కి జరిగాడు.

"యా అల్లా... శ్రావ్య అని వస్తున్నది."

కంపెనీ సొమ్ము చివరికి శ్రావ్య తల్లికి దక్కింది. పట్టగొలుసులు చెల్లెలికి. శ్రావ్య కుట్టుమిషన్ ఇంటి కిరాయి కింద ఓనరుకు. దశరథ్‌కు ఏమీ రాలేదు, రేషన్ బియ్యం సైతం. నెలనెలా సంచి పట్టుకుని వెళ్తాడు. కొత్తగా వచ్చిన డీలర్ మిషన్ చూపించి, విసుగ్గా ఒకటే మాట చెప్తాడు.

"నీ పెండ్లాం ఇప్పుడే వేలు పెట్టి తీస్కపోయె గదనయ్యా. తొవ్వల కలవలేదా?"